నాలుగో బోరు లెక్క

మూడు బోర్లు ఎండిన రైతుకు నాలుగోది వేసే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అప్పిచ్చేవాడి దగ్గర్నుంచి అని తేలిగ్గా చెప్పేయొచ్చు. కాని అప్పు అడగబోయే ముందే ఆయన మనసులో ఒక లెక్క జరిగిపోయి ఉంటుంది. కౌడిపల్లి సెంటర్లో చాయ్ తాగుతూ కాసేపు చెవి ఒగ్గితే అది వినపడుతుంది: "మూడు పోయినయి కాకా. నాలుగోది గూడ పోతదా? ఎన్నిసార్లని పోతది?"

ఈ మాటను మూఢనమ్మకం కింద కొట్టిపారేయలేం. ఇందులో గణితం ఉంది. తప్పు గణితమే, కాని చదువుకున్నవాళ్లు కూడా నిత్యం చేసే తప్పు. వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో నాలుగోసారి ఖాయంగా మగపిల్లాడేనని చెప్పే పెద్దమనిషి, వరసగా టాస్ ఓడిన కెప్టెన్ ఈసారి తప్పక గెలుస్తాడని చెప్పే కామెంటేటర్ చేసేది ఈ లెక్కే. బోరు దగ్గర మాత్రం ఈ తప్పు కొంచెం వింత మలుపు తిరుగుతుంది. అందుకే దాన్ని నిదానంగా విప్పి చూడాలి.

ముందు నేల సంగతి. కౌడిపల్లి నర్సాపూర్ దాటాక మెదక్ పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. మంజీర మీది ఘనపురం ఆనకట్ట కాలువలు పారేది అవతల కొల్చారం, మెదక్, పాపన్నపేటల వైపు. ఇటు చాలా పొలాలకు చెరువు నిండితే చెరువు, లేదంటే బోరు. కాళ్ల కింద ఉన్నది రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడిన గ్రానైటు. ఇసుకలాగా ఒంటి నిండా నీళ్లు పట్టే గుణం ఈ రాయికి లేదు. దీనిలో నీళ్లు దాగేది రెండు చోట్ల. పైన ఎండకూ వానకూ మెత్తబడి మొరంగా మారిన పొరలో కొంత, దాని కింద గట్టి రాతి మొదట్లో ఉండే పగుళ్లలో కొంత. బోరు గొట్టం వెడల్పు జానెడు ఉంటుందో లేదో. ఆ జానెడు దారిలో నీళ్లున్న పగులు తగిలితే జల. తగలకపోతే పొద్దంతా తెల్లటి దుమ్మే. బారెడు దూరంలో పగులుండి కూడా తప్పిపోవచ్చు. కాబట్టి బోరు వేయడం బొమ్మా బొరుసా వేయడంలాగే కనపడుతుంది.

1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో రూలెట్ చక్రం మీద గోళీ వరసగా 26 సార్లు నల్లగడిలోనే పడింది. పదో పన్నెండోసారి దాటాక ఇక ఎర్రగడి రాక తప్పదని జనం ఎగబడి ఎర్ర మీద డబ్బు పెట్టారు. పెట్టినకొద్దీ పోయింది. వాళ్ల పొరపాటు ఏమిటంటే, చక్రానికి నిన్నమొన్నటి లెక్కలు ఏమీ తెలియవు. ప్రతి తిప్పూ కొత్త తిప్పే. నల్ల 15 సార్లు వచ్చినా, ఒక్కసారి కూడా రాకపోయినా ఎర్ర వచ్చే అవకాశం ఎప్పుడూ ఒకటే.

మన రైతు చేసేది అదే పొరపాటని పుస్తకాలు చెప్తాయి. నా ఉద్దేశంలో ఆయన పొరపాటు ఇంకా పెద్దది. చక్రానికి గుర్తుండదు, రాయికి మాత్రం మార్పుండదు. మొదటి బోరుకు అడ్డుపడిన బండే రెండో బోరుకు, మూడో బోరుకు కిందనే పడుకుని ఉంది. మూడు సార్లు దుమ్ము లేచిందంటే ఆ చెలక గురించి నేల మూడు సార్లు సాక్ష్యం చెప్పింది. కాబట్టి నాలుగోసారి అవకాశం పెరగదు, కనీసం ఉన్నచోట కూడా నిలబడదు. తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో చూడటానికి ఒక ఊహాలెక్క వేద్దాం. అంకెలు నేను కల్పించుకున్నవే, మీ ఊరికి తగినట్టు మార్చుకోవచ్చు. 200 మంది రైతులు. వారిలో 100 మంది పొలాల కింద పగుళ్లు బాగా ఉన్నాయి. అక్కడ ఎక్కడ వేసినా 10 బోర్లలో 6 పడతాయి. మిగతా 100 మంది పొలాల కింద నిండు బండ. అక్కడ 10కి 1 పడుతుంది. ఎవరిది ఏ రకం పొలమో ఎవరికీ తెలియదు.

అందరూ మొదటి బోరు వేశారు. మంచి పొలాల్లో 60, బండ పొలాల్లో 10, మొత్తం 70 మందికి నీళ్లు పడ్డాయి. అంటే నూటికి 35. పడనివాళ్లు 130 మంది. వీళ్లలో మంచి పొలాలవాళ్లు 40 మందే, మిగతా 90 మంది బండమీదివాళ్లు. ఈ 130 మంది రెండో బోరు వేస్తారు. మంచి పొలాల 40లో 24 మందికి పడి 16 మంది మిగులుతారు. బండ పొలాల 90లో 9 మందికి పడి 81 మంది మిగులుతారు. మూడో బోరు కూడా అయ్యాక లెక్క చూస్తే మంచి పొలాలవాళ్లు ఆరుగురు, బండ పొలాలవాళ్లు 73 మంది. ఇప్పుడు నాలుగో బోరు. ఆ ఆరుగురిలో నలుగురికి, ఈ 73లో ఏడుగురికి పడుతుంది. 79 మందిలో 11 మందికన్న మాట. నూటికి 14, అంటే ఏడుగురిలో ఒకరికి.

మొదటి బోరుకు నూటికి 35 ఉన్న ఆశ నాలుగోదానికి 14కు దిగింది. రైతు మనసులో మాత్రం అది పైకెక్కుతూ పోయింది. ఒకే మనిషి, ఒకే చెలక, రెండు లెక్కలు ఎదురెదురు దిక్కులకు నడుస్తున్నాయి. వీటిలో దిగుతూ పోయే లెక్కకు మూలపురుషుడు థామస్ బేస్ అనే ఇంగ్లండు మతగురువు. ఆయన పోయాక 1763లో ఆయన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ అచ్చు వేయించాడు. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు పాత నమ్మకాన్ని ఎంత సవరించుకోవాలో చెప్పే సూత్రం అది. సూత్రం గుర్తు లేకపోయినా పర్వాలేదు. 200 మందిని కాగితం మీద నిలబెట్టి ఒక్కొక్క బోరూ వేయిస్తూ పోతే అదే జవాబు వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక చెప్పకపోతే రైతుకు అన్యాయం చేసినట్టే. గ్రానైటులో పగుళ్లు తీరుగా ఉండవు. ఒకే ఎకరంలో ఈ మూల బండ, ఆ మూల ఊట ఉండొచ్చు. మూడు బోర్లూ ఒక గట్టు వెంట పక్కపక్కన వేసి, నాలుగోది చెలక దిగువన వాగు వైపు వేస్తే పాత సాక్ష్యం బలం కొంత తగ్గుతుంది. ఎంత దూరం జరిగితే ఎంత తగ్గుతుందన్నది రాతిని బట్టి ఉంటుంది. కరెంటు పంపి రాతి నిరోధం కొలిచే జియాలజిస్టు చేసే పని ఇదే. తడి ఉన్న మొరం, పగుళ్లున్న రాయి కరెంటును తేలిగ్గా పోనిస్తాయి, నిండు బండ పోనివ్వదు. ఆ కొలత జలను చూపించదు. మంచి పొలమా, బండ పొలమా అన్న అనుమానాన్ని ఒక వైపుకు మొగ్గేట్టు చేస్తుంది, అంతే. దానికే ఎంతో విలువ ఉంది. కాని జియాలజిస్టు "ఇక్కడ పడే అవకాశం ఎక్కువ" అంటాడు. కొబ్బరికాయ పట్టుకుని జల చూసే ఆయన "ఇక్కడ మూడించుల నీళ్లు, నూటయాభై ఫీట్లల్ల" అంటాడు. రెండింటిలో ఏది వినసొంపుగా ఉందో వేరే చెప్పాలా?

ఇలా బోరుకు చోటు చూపి పాయింట్ పెట్టేవాళ్లలో చాలా రకాలున్నారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడిచేవారు, పంగల వేపపుల్ల పట్టేవారు, దారానికి ఏదో కట్టి వేలాడదీసేవారు. జల ఉందనుకున్న చోటికి రాగానే కాయ లేచి నిలువుగా నిలబడుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఆయన మోసం చేస్తున్నాడని నేననను. మనసులో అనుకున్నదానికి కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయని, ఆ కదలికకు ఐడియోమోటర్ అని పేరు పెట్టి 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు వివరించాడు. అరచేతిలో నిలకడ లేకుండా ఉన్న కాయ లేవడానికి ఆ మాత్రం వణుకు చాలు. పట్టుకున్నాయన కూడా మనలాగే ఆశ్చర్యపోతాడు.

ఇక ఆయన పేరుప్రతిష్ఠల సంగతి. "కాక పెట్టిన పాయింట్ ఎన్నడు తప్పలే" అంటారు. ఏ ఊళ్లోనైనా కళ్లు మూసుకుని రాయి విసిరి, అది పడ్డచోట బోరు వేస్తే 10కి 6 పడతాయనుకుందాం. అప్పుడు ఏ శక్తీ లేని మనిషి పెట్టిన 20 పాయింట్లలో 12 పడతాయి. ఆ 12 ఇళ్లవాళ్లూ ఆయనకు బట్టలు పెడతారు, చుట్టాలకు చెప్తారు. పడని 8 ఏమయ్యాయి? ఒకదానికి బండి డ్రైవర్ పాయింట్ మీద కాకుండా పక్కకు పెట్టాడు. ఇంకొకదానికి మరో 50 ఫీట్లు దిగి ఉంటే పడేది. మరొకటి మైలపడింది. మిగతావి ఆ రైతు నొసటి రాత. పడ్డ బోరు మోటరుతో, పచ్చటి మడితో రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపిస్తుంది. పడని బోరు మీద ఒక రాయి పెట్టి మరిచిపోతారు. (పెడితే నయమే. మూత వేయని బోర్లలో పసిపిల్లలు పడ్డ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.)

ఇంకో చిక్కుంది. ఏ శక్తీ లేని 30 మంది తలా 10 పాయింట్లు పెట్టారనుకోండి, ఒక్కో పాయింటుకు ఆ 10కి 6 అవకాశంతోనే. ఆ 30 మందిలో ఒకరికో ఇద్దరికో వట్టి అదృష్టం వల్లనే 10కి 9 గాని, 10కి 10 గాని పడతాయి. పక్క మండలం నుంచి కారు పంపించి పిలిపించుకునేది ఆ ఒకరిద్దరినే. మిగతా 28 మంది పేర్లు మనకు తెలియవు.

జర్మనీలో ఇది నిజంగా జరిగింది. 1987, 1988లలో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో కింది అంతస్తున నీళ్ల గొట్టాన్ని అటూఇటూ జరుపుతూ, పై అంతస్తులో జల చూసేవాళ్లను నడిపించి గొట్టం ఎక్కడుందో చెప్పమన్నారు. మొదట 500 మందికి పైగా వచ్చారు. వడపోసి 43 మందిని ఎంచారు. వాళ్ల మీద మొత్తం 843 పరీక్షలు చేశారు. ఎక్కువమంది తేలిపోయారు గాని, కొద్దిమందికి మాత్రం అద్భుతమైన శక్తి ఉందని ఆ బృందం తేల్చింది. తర్వాత అమెరికా శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్ అవే అంకెలను మళ్లీ తిరగేశాడు. మొత్తం ఫలితాలు గుడ్డిగా చెప్పినా వచ్చేలాంటివేనని, బాగా చెప్పారన్నవాళ్లు కూడా ఒక వరసలో చూపిన నేర్పును ఇంకో వరసలో నిలబెట్టుకోలేదని చూపించాడు. అంతమందిలో ఎవరో కొందరు పైకి తేలడం వింతేమీ కాదు.

కౌడిపల్లిలో ఇలాంటి పరీక్ష చేయాలంటే కొట్టం అక్కర్లేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక ఆవిడ చాయ్ రుచి చూసి, కప్పులో ముందు పాలు పోశారో, ముందు డికాక్షన్ పోశారో చెప్పగలనంది. దాన్ని తేల్చడం ఎలాగో రోనాల్డ్ ఫిషర్ 1935 నాటి తన పుస్తకంలో వివరించాడు. ఎనిమిది కప్పులు, నాలుగు ఈ రకం, నాలుగు ఆ రకం, కలగలిపి ఇవ్వాలి. ఎనిమిదింటిలోంచి నాలుగింటిని 70 విధాలుగా ఎంచవచ్చు. కాబట్టి ఊరికే ఊహించేవాడికి మొత్తం సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. మనం ఎనిమిది డ్రమ్ములు తెచ్చి, నాలుగింటిలో నీళ్లు, నాలుగింటిలో ఇసుక పోసి, గోనె పట్టాలు కప్పి, ఏది దేంట్లో ఉందో తెలియని మనిషిని పక్కన నిలబెట్టి, కాకను నడవమనాలి. నాలుగూ సరిగ్గా చెప్తే ఆలోచించాల్సిందే. కాకపోతే జిల్లాలో 70 మంది చేత చేయిస్తే సగటున ఒక్కరు ఎటూ నెగ్గుతారు. ఆ ఒక్కరిచేత మరునాడు మళ్లీ చేయించాలి.

అయితే డ్రమ్ముల పరీక్షలో ఓడిన కాక పొలంలో కొంత నెగ్గవచ్చు కూడా. ఆయన కళ్లు ఊరికే ఉండవు. పల్లం ఎటుంది, పుట్టలెక్కడున్నాయి, ఎండాకాలంలోనూ ఏ చెట్టు పచ్చగా ఉంది అన్నవి ఆయన తెలిసో తెలియకో చూస్తూ ఉంటాడు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో జల జాడలు చెప్పేటప్పుడు చెట్లను, చెదపుట్టలను గుర్తులుగా ఏకరువు పెట్టాడు. కాబట్టి కాకతో పోల్చాల్సింది గుడ్డిగా విసిరిన రాయిని కాదు. కాయ పట్టకుండా వట్టి కళ్లతో చూసి చోటు చెప్పే అదే ఊరి ముసలి రైతును. ఇద్దరికీ సమానంగా పడితే కాయను పచ్చడి చేసుకోవచ్చు.

ఈ పోలికకు కావలసింది పడని బోర్ల లెక్క. అది ఎవరి దగ్గరుంది? కాకకు గుర్తుండదు. రైతు చెప్పుకోడు, పరువు ఒకటి, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోకుండా వేసి ఉంటే భయం ఒకటి. ఇలాంటి చోట నాకు సి.ఆర్. రావు చెప్పిన ఉప్పు కథ గుర్తొస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగువాడు. 1920లో హడగలిలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, కేంబ్రిడ్జిలో ఆ చాయ్ కప్పుల ఫిషర్ దగ్గరే డాక్టరేటు చేశారు. 1945లో పాతికేళ్లు నిండీ నిండకముందే రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచమంతటి సంఖ్యాశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కారు. ఆయన పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక గణిత సంస్థ ఉంది. 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. సామాన్యుల కోసం రాసిన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో ఈ కథ చెప్పారు.

1947లో దేశవిభజన అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో శరణార్థులు తలదాచుకున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు, పోయి లెక్కపెట్టే పరిస్థితి లేదు. తిండి పెట్టే కాంట్రాక్టర్లు చెప్పినంతకు సర్కారు డబ్బు కడుతోంది. లెక్క తేల్చమని గణాంకులను అడిగారు. వాళ్లు కాంట్రాక్టర్ల బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు ఎంతెంతో చూశారు. మనిషికి రోజుకు ఏది ఎంత పడుతుందో సర్వేల వల్ల తెలుసు. దాంతో భాగిస్తే మూడూ ఒకే జనసంఖ్య చూపించాలి. చూపలేదు. బియ్యం లెక్కన జనం అన్నిటికంటే ఎక్కువ, ఉప్పు లెక్కన అన్నిటికంటే తక్కువ. బియ్యం ఖరీదైనది, కాబట్టి దాన్ని పెంచి రాస్తే లాభం. ఉప్పు పెంచి రాసి ఎవరు బాగుపడతారు? ఉప్పు లెక్కనే నమ్మారు. హుమాయూన్ సమాధి దగ్గరి చిన్న శిబిరంలో జనం ఎందరో వేరే విధంగా తెలుసు. అక్కడ ఈ పద్ధతి సరిపోయింది కూడా.

బోర్ల విషయంలో ఉప్పు ఏది? నాకు తోచినంతలో బోరు బండి వాళ్ల నోటు పుస్తకం. అందులో పేరు, ఎన్ని ఫీట్లు, కేసింగ్ ఎంత, ఎంత ముట్టింది అని రాసి ఉంటుంది. నీళ్లు పడ్డా, దుమ్ము లేచినా బండికి ఫీటు లెక్కనే డబ్బు. పడిందని అబద్ధం రాసుకుంటే లాభం లేదు, పడలేదని రాసుకుంటే నష్టం లేదు. మండలంలో తిరిగే బండ్ల పుస్తకాల్లోని బోర్ల సంఖ్య ఒక పక్క, కొత్తగా వచ్చిన వ్యవసాయ కరెంటు కనెక్షన్లు ఇంకో పక్క పెట్టి చూస్తే ఎన్ని ఎండాయో మోటుగానైనా తేలుతుంది. పాత కనెక్షన్‌కు కొత్త బోరు తగిలించినవి తీసివేసుకోవాలి. అయినా ఊళ్లో చెప్పుకునే ముచ్చట్ల కంటే అది మెరుగైన లెక్క.

ఆ పుస్తకంలో ఇంకొకటి కూడా కనిపిస్తుంది: ఎన్ని ఫీట్ల దగ్గర ఆపారు అన్నది. 300 దాకా దుమ్మే. డ్రైవర్ ఇంజను మెల్లగా చేసి చూస్తాడు. "పటేలా, ఇంకో యాభై కొడుదమా?" ఇప్పటికే అయిన ఖర్చు కళ్ల ముందు ఆడుతుంది. ఇక్కడ ఆపితే అదంతా వృథా అనిపిస్తుంది. నిజానికి అది ఆపినా రాదు, కొట్టినా రాదు. అడగాల్సింది ఒక్కటే: కింది 50 అడుగుల్లో పగులు తగిలే అవకాశం ఎంత, ఆ 50 అడుగుల ఖర్చు ఎంత? మన రాతిలో లోతుకు పోయినకొద్దీ నీళ్లున్న పగుళ్లు తగ్గిపోతాయి. బండి రేటు మాత్రం లోతుకు పోయినకొద్దీ పెరుగుతుంది. ఒకటి దిగుతూ, ఇంకొకటి ఎక్కుతూ ఉన్న చోట మనిషి "ఇంత దాకా వచ్చినం గదా" అని తలూపుతాడు. ఈ తలూపుడు బోరుకే పరిమితం కాదు, విమానం తయారు చేసిన దేశాలూ చేశాయి. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన కాంకార్డ్ గిట్టదని ముందే తేలినా ఖర్చు పెడుతూనే పోయాయి. వాళ్లకు సర్కారు ఖజానా ఉంది.

ఇంతదాకా ఒక్క రైతు లెక్కే చూశాం. ఊరి లెక్క వేరు. ఊహాలెక్కలో 200 మంది బోర్లూ ఒకదానికొకటి సంబంధం లేనివి అనుకున్నాం. కౌడిపల్లిలోనైనా మరెక్కడైనా అది నిజం కాదు. ఒకే పగులు మీద ఇద్దరి బోర్లు ఉంటే పైవాడి మోటరు ఆగినప్పుడే కిందివాడికి నీళ్లు. నాకు పడడమే పక్కవాడికి ఎండడానికి కారణం కావచ్చు. ఊళ్లో 100 బోర్లు 200 అయితే నీళ్లు రెట్టింపు కావు, పంచుకునేవాళ్లు రెట్టింపవుతారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరటే, రాత్రిళ్లు పాముల మధ్య మోటరు పెట్టడానికి పోవాల్సిన పని తప్పింది. కాని మోటరు ఎంతసేపు నడిచినా బిల్లు రాదు కాబట్టి నీళ్లు ఎంత తోడుతున్నామో చెప్పే అంకె కూడా రైతు చేతికి రాదు.

ఆ అంకెను రైతులే పట్టుకున్న సందర్భం మన దగ్గర ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం నడిచింది. ఇప్పటి తెలంగాణ నుంచి అందులో మహబూబ్‌నగర్, నల్గొండ ఉన్నాయి. మెదక్ లేదు. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి వానమాపకం చూసి రాశారు, బోర్లలోకి తీగ దించి నీటిమట్టం కొలిచారు, మోటరు ధారకు డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూసి ఎంత తోడుతున్నారో లెక్కగట్టారు. వానాకాలం అయిపోయాక, యాసంగి నాట్లకు ముందు, ఊరంతా కూర్చుని ఈ యేడు ఎంత నీరు దిగింది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని జమాఖర్చు వేసుకున్నారు. ఖర్చు జమను మించిన ఊళ్లలో కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. దానికి సబ్సిడీ ఇవ్వలేదు, వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు.

కౌడిపల్లి మండలంలోనే తునికిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మెదక్ మండలాల్లో అలాంటి జమాఖర్చు మొదలుపెట్టాలంటే కావలసిన సామాను పెద్దదేమీ కాదు: ఒక వానమాపకం, పొడుగాటి తీగ, డ్రమ్ము, గడియారం, ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరులో ఎండిన బోర్లకు కూడా ఒక గడి కేటాయించాలి. పాయింట్ ఎవరు పెట్టారు, ఎన్ని ఫీట్ల దగ్గర ఆపారు అన్నవి అందులో రాయాలి. బోరు బండి పుస్తకం ఎరువు తెచ్చుకుంటే మొదటి పేజీలు ఒక్క పూటలో నిండుతాయి.